ఇన్‌స్టాల్‌కు ముందు చిట్టీ రాయండి

మా ఇంట్లో లగ్గం కుదిరిందంటే మా నాయన చేసే మొదటి పని చిట్టీ రాయడం. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అరుగు మీద కూర్చునేవాడు. ముందు నాయనమ్మను అడిగేవాడు, తర్వాత అమ్మను, ఆ తర్వాత వంటాయనను పిలిపించి మరీ అడిగేవాడు. పసుపు కొమ్ముల నుంచి విస్తరాకుల దాకా అన్నీ రాశాక, అందరికీ వినపడేలా చదివేవాడు. చదువుతుంటే ఎవరో ఒకరికి ఇంకో రెండు గుర్తొచ్చేవి. తెల్లారి మొదటి బస్సుకు ఎల్లారెడ్డి నుంచి లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డికి ప్రయాణం. సుమారు 40 కిలోమీటర్లు. బెల్లం మాత్రం కామారెడ్డి గంజ్‌లోనే కొనాలని ఆయన పట్టు. ఒక్క వస్తువు మరిచిపోతే మళ్లీ 40 పోవాలి, 40 రావాలి. అందుకే ఆ కాగితాన్ని అంగీ జేబులో పైసల కన్నా భద్రంగా పెట్టుకునేవాడు.

నేను ఎల్లారెడ్డిలో డీటీపీ సెంటర్ పెట్టి పాతికేళ్లు దాటింది. కామారెడ్డిలో టైపు నేర్చుకుని, తెలుగు లోయరూ హయ్యరూ పాసై, పెండ్లి పత్రికలు, అర్జీలు, కరపత్రాలు చేసుకుంటూ బతికినవాణ్ని. పది పన్నెండేళ్లుగా చుట్టుపక్కల బడుల్లో పాత కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించే పని కూడా చేస్తున్నాను. ఇప్పటికి అరవై దాకా యంత్రాలు నా చేతి మీదుగా పోయాయి. పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించడం గంట పని. ఆ యంత్రంలో ఏమేం ఉండాలో ముందుగా తేల్చుకోవడం రెండు రోజుల పని. ఆ రెండు రోజులు మాకు ఎవరూ ఇవ్వడం లేదు. నా బాధంతా దాని గురించే.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ కావాలి. నేను చూసిన బడుల్లో ఉన్నవి ఎక్కువగా రెండో తరం, మూడో తరం ఐ3లు. కొన్ని అంతకన్నా పాతవి. వాటి కీబోర్డులు పనిచేస్తున్నాయి, మానిటర్లు వెలుగుతున్నాయి, డిస్కులు తిరుగుతున్నాయి. తుక్కు కింద అమ్మేయాల్సిన యంత్రాలు కావవి. అందుకే ఈ మధ్య రోజూ ఒకరో ఇద్దరో ఫోన్ చేసి "అన్నా, ఒకసారి వచ్చి లినక్స్ వేసిపో" అంటున్నారు. ఏం పనికి సార్ అని అడిగితే, "కంప్యూటర్ పనికే గదనే" అంటున్నారు. లగ్గానికి ఏం తేవాలని అడిగితే "లగ్గం సామాను" అన్నట్టుంది ఆ జవాబు.

నేను ఎక్కువగా వాడేది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేటికీ ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలే నడిపిస్తున్నారు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదల పేరు ట్రిక్సీ. అందులో 69 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ప్యాకేజీ అంటే ఒక సాఫ్ట్‌వేర్‌ను కట్టిన మూట. తనకు తోడుగా ఏయే మూటలు కావాలో కూడా ఆ మూట మీదే రాసి ఉంటుంది. ఒకటి అడిగితే మిగతావాటిని సిస్టమే వెతికి తెచ్చుకుంటుంది.

డెబియన్ ఎక్కిస్తున్నప్పుడు భాష, కీబోర్డు, పాస్‌వర్డు, డిస్కు విభజన అన్నీ అడిగిన తర్వాత ఒక తెర వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ఎంచుకోమని అడుగుతుంది. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ ప్లాస్మా, సినమన్, మాటే, ఎల్‌ఎక్స్‌డీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అంటూ డెస్క్‌టాప్‌ల పేర్లు వరుసగా ఉంటాయి. వాటి కింద వెబ్ సర్వర్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, మామూలు సిస్టమ్ పనిముట్లు ఉంటాయి. పక్కన చిన్న గళ్లు, కావలసిన దాంట్లో టిక్కు పెట్టాలి. కొన్నిటికి ముందే టిక్కు ఉంటుంది. చాలామంది ఆ తెరను చదవకుండా ఎంటర్ నొక్కి పోతారు. విండోస్ పెట్టె కొన్నన్నాళ్లూ మనల్ని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు, కాబట్టి అడిగినా అది ప్రశ్నలా కనిపించదు.

రెండేళ్ల కింద ఒక ఉన్నత పాఠశాలకు పోయాను. డిగ్రీ చదివే కుర్రాడొకడు సాయంగా వచ్చాడు. తెలివైన పిల్లవాడు, చెయ్యి చురుకు. నేను హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి వచ్చేసరికి అన్ని గళ్లకూ టిక్కులు పెట్టేశాడు. ఇదేంది తమ్మీ అంటే, "ఫ్రీయే గద సార్, అన్నీ తీస్కుందాం, ఒకటి కాకుంటే ఒకటి పనికొస్తది" అన్నాడు. అప్పటికే సగం ఎక్కింది, ఆపలేదు. పొద్దున పెట్టింది మధ్యాహ్నం దాటాక పూర్తయింది. తెరిచి చూస్తే లెక్కలు చేసే కాలిక్యులేటర్లే మూడు నాలుగు, ఫైళ్లు చూసేవి నాలుగైదు, ఫొటోలు చూసేవి అన్నే. లాగిన్ అయ్యే చోట అర డజను డెస్క్‌టాప్ పేర్లు. సాంఘికశాస్త్రం చెప్పే మేడం ప్రశ్నపత్రం టైపు చేద్దామని కూర్చుని, మెనూలో పది నిమిషాలు వెతికి లేచిపోయారు. ఆమె మళ్లీ ఆ గదిలోకి రావడానికి నెల పట్టింది. ఆ నెలకు బాధ్యత ఆ కుర్రాడిది కాదు. చిట్టీ లేకుండా వాణ్ని అంగడికి తోలిన నాది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు కూడా చూశాను. పాత యంత్రం కదా, తేలికగా ఉండాలని ఒకాయన అన్ని టిక్కులూ తీసేసి మామూలు పనిముట్లు ఒక్కటి ఉంచాడు. ఆన్ చేస్తే నల్లటి తెర, పైన మూలకు లాగిన్ అడిగే తెల్ల అక్షరాలు. యంత్రం పాడైందని మూటకట్టి నా దగ్గరికి తెచ్చాడు. యంత్రం బాగానే ఉంది. అడిగినంతే ఇచ్చింది.

డెస్క్‌టాప్ ఏది అనేది ర్యామ్‌ను బట్టి తేల్చాలి. మా యంత్రాల్లో నేను చూసిన లెక్క ప్రకారం గ్నోమ్ ఊరికే కూర్చుంటేనే జీబీ దాకా తీసుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈకి సుమారు దాంట్లో సగం చాలు. 4 జీబీ ఉన్న యంత్రంలో పిల్లలు బ్రౌజరు, లిబ్రెఆఫీస్ రైటరు కలిపి తెరిచినప్పుడు ఆ సగం జీబీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే బడులకు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కటే వేస్తాను. ఇంకో మాట. ట్రిక్సీ విడుదలలో 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలరే లేదు. మరీ పాత యంత్రమైతే బయలుదేరక ముందే అది ఎన్ని బిట్లదో ఫోన్‌లో కనుక్కోవాలి. ఆ ఒక్క ప్రశ్న అడగక నేను ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

ఉబుంటు అయితే ఈ బాధ తక్కువ కదా అంటారు. నిజమే. 2004లో మొదలైన ఉబుంటు తొలి రోజుల్లో అడిగినవారికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేది. నాకూ ఎల్లారెడ్డి పోస్టాఫీసుకు ఒక కవరు వచ్చింది. ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అంత దూరం నుంచి ఎవరో నా పేరు రాసి పంపారని. ఉబుంటుది హోటల్లో ప్లేటు భోజనం లాంటి పద్ధతి, వండి వడ్డించి పెడుతుంది. 24.04 విడుదలలో కూడా తక్కువ సాఫ్ట్‌వేర్ కావాలా, ఎక్కువ కావాలా అని మాత్రమే అడుగుతుంది. మంచి యంత్రం, మంచి ఇంటర్నెట్ ఉన్న ఇంటికి అదే మేలు. మా బడులకు మాత్రం ఏమేం వడ్డించాలో మేమే చెప్పుకునే పద్ధతి కావాలి, ఎందుకంటే ఆ ప్లేటులో తెలుగు సరిగా ఉండదు.

తెలుగు దగ్గరే చిట్టీ అసలు పనికొస్తుంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెలుగులోనే నడపవచ్చు, అయితే గ్రాఫికల్ ఇన్‌స్టాల్ అనే దారి ఎంచుకోవాలి. అక్షరాల తెరతో నడిచే పాత పద్ధతికి మన ఒత్తులు చూపించే శక్తి లేదు. మెనూలు తెలుగులో కనిపించడం ఒక మెట్టు. తెలుగులో టైపు చేయడం, అచ్చు తీయడం, తప్పులు దిద్దడం వేరే మెట్లు. ఒక్కోదానికి ఒక్కో మూట కావాలి.

ముందు ఫాంట్లు చూద్దాం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఒక చిన్న ప్యాకేజీలో ఉన్నాయి. లోహిత్ తెలుగు ఇంకోదాంట్లో ఉంది. సిలికానాంధ్ర కృషితో వచ్చిన ఫాంట్లు తెలుగువిజయం అనే పేరుతో మరో ప్యాకేజీగా ఉన్నాయి. గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి అంటూ వాటిలో చాలావాటికి మన కవుల పేర్లు, పండితుల పేర్లు పెట్టారు. అన్నీ కలిపినా ఒక సినిమా పాట వీడియో కన్నా ఎక్కువ చోటు పట్టవు. అయినా చాలావరకు గుర్తుపెట్టుకుని అడిగితేనే వస్తాయి. ఫాంటు ఒక్కటే ఉంటే ప్రశ్నపత్రం, నోటీసు, సర్టిఫికెట్ అన్నీ ఒకే ముఖంతో కనిపిస్తాయి. పిల్లలకు తెలుగు లిపి అందం తెలియాలంటే పెద్దక్షరం, సన్నక్షరం, గుండ్రటి అక్షరం అన్నీ కళ్ల ముందుండాలి.

తర్వాత కీబోర్డు. ఇక్కడ ఎవరిని అడిగామన్నది ముఖ్యం. మా సెంటర్‌లో పనిచేసే అమ్మాయి యాపిల్ లేఅవుట్‌లో వేళ్లు తిరిగిన మనిషి. డీటీపీ వాళ్లలో చాలామంది అంతే, అను స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో అదే అలవాటైంది. పిల్లలు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ, నాన్న అని కొట్టి తెలుగు తెచ్చుకుంటారు. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ నేర్చుకున్న టీచర్లు ఒకరిద్దరు ఉంటారు. ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ అనే రెండు ప్యాకేజీలు వేస్తే ఇవన్నీ ఒకే యంత్రంలో ఉంటాయి, కావలసినది వాళ్లు మార్చుకుంటారు. ఈ రెండు పేర్లు చిట్టీలో లేకపోతే ఆ యంత్రం తెలుగు చూపిస్తుంది గానీ, ఈ అలవాట్లలో చాలావాటితో రాయనివ్వదు. ఒక బడిలో సరిగ్గా అదే జరిగింది. లినక్స్‌లో తెలుగు రాదట అన్న మాట ఆ బడి నుంచి పక్క మూడు బడులకు పాకింది. లినక్స్‌కు తెలుగు వచ్చు. మేమే దాన్ని అంగడిలో వదిలేసి వచ్చాం.

లిబ్రెఆఫీస్ అందరికీ తెలుసు. దాని తెలుగు మెనూల మూట వేరు, తెలుగు అక్షరదోషాలు పట్టే హన్‌స్పెల్ నిఘంటువు వేరు. స్కాన్ చేసిన పాత తెలుగు పుటల నుంచి అక్షరాలను లాగే టెసరాక్ట్ ఉంది, దాని తెలుగు డేటా మళ్లీ వేరు. అన్నింటికీ ఇదే వరస. ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ వచ్చినా, దాని తెలుగు మాత్రం చాలావరకు పేరు పెట్టి పిలిస్తేనే వస్తుంది.

నా వృత్తి గురించి ఉన్నమాట చెప్పాలి. పెండ్లి పత్రికల పని పూర్తిగా లినక్స్‌కు మార్చలేకపోయాను. ఇరవై ఏళ్ల ఫైళ్లు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. మా ఊళ్లో పెద్దకొడుకు లగ్గం పత్రిక చేయించుకున్న ఇంటివాళ్లే చిన్నకొడుకు పత్రికకు వచ్చి, "అదే అక్షరాల్ల చెయ్యి" అంటారు. వాటి కోసం ఒక పాత విండోస్ యంత్రం ఇంటర్నెట్ లేకుండా పక్కన ఉంచుకున్నాను. కొత్త పని ఇంక్‌స్కేప్‌లో, స్క్రైబస్‌లో చేస్తున్నాను. స్క్రైబస్ 1.4 వరుసలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడేవి, స్త్రీ అన్న మాట ముక్కలయ్యేది. 1.5 వరుసలో ఒత్తులను సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ చేరాక ఆ తెగులు పోయింది. కాబట్టి చిట్టీలో పేరు ఒక్కటే చాలదు, ఎన్నో వెర్షనో కూడా రాయాలి. అప్పట్లో స్క్రైబస్ చూసి వద్దనుకున్న నా తోటి డీటీపీ వాళ్లను ఇంకోసారి చూడమని ఈ సందర్భంగా కోరుతున్నాను.

మీసేవ కేంద్రం నడిపే మిత్రుడొకరు తన యంత్రానికీ లినక్స్ వేయమన్నారు. వద్దన్నాను. ఆయన వేలిముద్ర పరికరానికి తయారీదారు ఇచ్చిన డ్రైవరు విండోస్‌కే ఉంది. లినక్స్ మీద ప్రేమతో ఒకరి తిండికి ఎసరు పెట్టకూడదు. ప్రింటర్ల సంగతీ అంతే. హెచ్‌పీ వాటిలో చాలా మోడళ్లకు హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ వేస్తే పని నడుస్తుంది. మా ప్రాంతంలో జిరాక్స్ సెంటర్లన్నింట్లో కనిపించే ఒక చిన్న లేజర్ ప్రింటర్ మాత్రం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే లైవ్ రూపం ఒకటి ఉంటుంది. దాంతో ప్రింటరు, వైఫై, శబ్దం పరీక్షించుకున్నాకే పాత డిస్కు జోలికి పోవాలి. వైఫై చిప్పులకు కావలసిన ఫర్మ్‌వేర్ డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్లలో ఒకప్పుడు ఉండేది కాదు. 2022లో సభ్యులు ఓటు వేసి మార్చుకున్నారు, 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి అది లోపలే వస్తోంది. అంతకు ముందు మా చిట్టీలో మొదటి పేరు అదే ఉండేది.

కావలసినవి తర్వాత డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదా, ముందే ఇంత ఆలోచన ఎందుకని హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు అడుగుతాడు. వాడికి జవాబుగా 2025 ఆగస్టు గుర్తుచేస్తాను. 27న వినాయక చవితి. ఆ రోజూ మరునాడూ కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగి పడింది. 44వ జాతీయ రహదారి దెబ్బతిన్నది, భిక్కనూరు, తలమడ్ల దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొంగింది. మాకు దారీ లేదు, ఫోన్‌లో సిగ్నలూ లేదు. ఆ వారమే ఒక బడిలో ఎనిమిది యంత్రాలు విప్పి పెట్టి ఉన్నాయి. నా దగ్గర రెండు పెన్‌డ్రైవ్‌లున్నాయి. ఒకదాంట్లో ఒక జీబీ కూడా లేని నెట్‌ఇన్‌స్ట్, మిగతాదంతా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే రకం. అది ఎందుకూ పనికిరాలేదు. రెండో దాంట్లో సుమారు 4 జీబీ ఉండే పూర్తి డీవీడీ ఇమేజ్, దాని పక్కన నేను అంతకు ముందే కామారెడ్డిలో ఒక మిత్రుడి ఫైబర్ కనెక్షన్ మీద దించి పెట్టుకున్న తెలుగు ప్యాకేజీలు. వాన ఆగాక బడి తెరిచేసరికి ఎనిమిది యంత్రాలూ తెలుగుతో సిద్ధంగా ఉన్నాయి.

వాన లేని రోజుల్లో కూడా బడి ఇంటర్నెట్ అంటే ఒక టీచరు ఫోన్ హాట్‌స్పాట్. ఆమె సొంత పైసలతో వేయించుకున్న డేటా. ఎనిమిది యంత్రాలు ఒక్కోటి ఒక జీబీ తాగితే ఆమె సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేయాలంటే ఇబ్బంది. ఇలాంటి చోట్ల కోసం రితేష్ రాజ్ సరాఫ్ అనే డెబియన్ డెవలపర్ ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే పనిముట్టు రాశారు. ఇంటర్నెట్ లేని యంత్రం తనకు ఏమేం కావాలో ఒక ఫైలులో రాసి ఇస్తుంది. ఆ ఫైలును ఇంటర్నెట్ ఉన్న చోటికి తీసుకుపోయి, మూటలన్నీ దించుకుని తిరిగి తెచ్చి వేస్తాం. మా నాయన చిట్టీయే అది. ఎల్లారెడ్డిలో రాసి, కామారెడ్డిలో కొని, ఎల్లారెడ్డిలో దించడం.

ఇంకా మంచి సంగతి ఒకటుంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌కు ముందుగానే జవాబులన్నీ రాసిన ఫైలు ఇవ్వవచ్చు. దాన్ని ప్రీసీడ్ అంటారు. ఏ డెస్క్‌టాప్, ఏ ప్యాకేజీలు, ఏ భాష అన్నీ అందులో రాస్తే ఎనిమిది యంత్రాలకూ ఎనిమిదిసార్లు టిక్కులు పెట్టనక్కర్లేదు. ఒకచోట బాగా కుదిరిన జాబితా ఇంకో బడికి యథాతథంగా పోతుంది. లెక్కల సార్ అడిగిన జియోజెబ్రా, రసాయనశాస్త్రం మేడం మెచ్చిన కాల్జియం, ఆకాశం చూపించే స్టెల్లారియం, చిన్నపిల్లలకు టక్స్ పెయింట్, ఇంటర్నెట్ లేకున్నా తెలుగు వికీపీడియా చదివించే కివిక్స్. ఇవి మేం మూడేళ్లలో ఒక్కో టీచరును అడిగి కూర్చినవి. మా చిట్టీలో ఇప్పుడు 31 పేర్లున్నాయి. వాటిలో పది నేను ఎన్నడూ వినని పేర్లు, టీచర్లు చెబితేనే తెలిసినవి.

డెబియన్ ఎక్కించేటప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. మీరు వాడే ప్యాకేజీల లెక్కను పేరు లేకుండా వారానికోసారి మాకు పంపమంటారా అని అడుగుతుంది. ముందే వద్దు అన్నదాని మీద ఉంటుంది, అందరూ అలాగే వదిలేస్తారు. మొదటి డిస్కులో ఏ ప్యాకేజీలు పెట్టాలనేది తేల్చడానికి ఈ లెక్కను చూస్తారు. తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు వాడేవాళ్లు ఆ లెక్కలో కనిపించకపోతే వాటికి మొదటి డిస్కులో చోటు ఎలా దొరుకుతుంది? మా బడుల యంత్రాలకు ఇంటర్నెట్ లేదు, అవి లెక్కలోకి రావు. మీ ఇంట్లో ఇంటర్నెట్ ఉండి, మీరు తెలుగు ప్యాకేజీలు వేసుకున్నవారైతే దయచేసి అక్కడ ఔనని చెప్పండి. అది ఒక రకంగా ఓటు.

కేరళ ఈ పనిని ఎప్పుడో ప్రభుత్వ బాధ్యతగా తీసుకుంది. అక్కడ కైట్ అనే సంస్థ, అంతకు ముందు ఐటీ ఎట్ స్కూల్ పేరుతో ఉన్నది, బడుల కోసమే ఒక గ్నూ లినక్స్ తయారుచేసి ఇస్తుంది. ఉబుంటు తీసుకుని, పాఠ్యపుస్తకంలో ఏ పాఠానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చూసి, మలయాళంతో సహా అందులోనే పెడతారు. చిట్టీ రాసేది పాఠం చెప్పేవాళ్లు. మనకు చేతకానిది కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో గ్నూ లినక్స్ తేవడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు. సీ-డాక్ వాళ్ల బాస్ లినక్స్‌లో తెలుగు ఉంది. పునాది రాళ్లు మన దగ్గరే ఉన్నాయి. కానీ పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం పక్కన పెట్టుకుని ఈ పాఠానికి ఇది అని రాసిన జాబితా లేదు.

దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. జిల్లాలో సబ్జెక్టుకు ఇద్దరు టీచర్లు రెండు రోజులు కామారెడ్డిలో కూర్చుంటే చాలు. ఆ జాబితాను ప్రీసీడ్ ఫైలుగా మార్చడానికి నాలాంటివాళ్లం చాలామందిమి ఉన్నాం. డెబియన్ ఒక విడుదల ప్యాకేజీలన్నీ ఒక టీబీ హార్డ్‌డిస్కులో సులువుగా పడతాయి. అలాంటి డిస్కు మండల వనరుల కేంద్రానికి ఒకటి చొప్పున ఉంటే ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట బడులకు ఇంటర్నెట్ కోసం ఎదురుచూపు ఉండదు. ఒక కొత్త కంప్యూటర్ ధరలో ఇలాంటి డిస్కులు ఎన్ని వస్తాయో జిల్లా అధికారులే లెక్క వేసుకోవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. యంత్రాలు మంజూరవుతాయి, ఎక్కించేవాడు ఎవడో వస్తాడు, ఎంటర్ నొక్కి సంతకం తీసుకుని పోతాడు. ఆ యంత్రం ముందు రోజూ కూర్చునే టీచరును ఏం కావాలని ఎవరూ అడగరు. ఇది తప్పు. అడగాల్సింది ఆమెనే.

హెడ్‌మాస్టర్లకు ఒక విన్నపం. మీ బడికి ఎవరైనా ఆపరేటింగ్ సిస్టమ్ వేయడానికి వస్తే, తాళం చెవి ఇచ్చే ముందు ఒక కాగితం ఇవ్వండి. ఎవరు వాడతారు, ఏ తరగతికి, ఏ పాఠానికి, తెలుగు ఎలా టైపు చేస్తారు, ప్రింటరు ఏ మోడలు. ఈ ఐదూ మీ టీచర్లతో రాయించండి. సాంకేతిక పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, పని పేరు రాస్తే చాలు, దానికి తగిన ప్యాకేజీ వెతకడం మా వంతు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఏ బడి ఆ కాగితం రాసి సిద్ధంగా ఉంచినా, ఈ వేసవి సెలవుల్లో పెన్‌డ్రైవ్ పట్టుకుని నేనే వస్తాను. బస్సు చార్జీ కూడా నాదే.